సీలేరు దారిలో... దారి చూపేదెవరు?

నర్సీపట్నం దాటి కొండ ఎక్కడం మొదలెట్టాక రెండు జరుగుతాయి. చలి మొదలవుతుంది. సెల్‌ఫోన్‌ తెరమీది సిగ్నల్‌ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. మొదటిదానికి స్వెట్టరుంది. మరి రెండోదానికి?

లంబసింగి పేరు తెలియని తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువే. డిసెంబరు వస్తే చాలు... విశాఖ నుంచీ, రాజమండ్రి నుంచీ, హైదరాబాదు నుంచీ కుర్రాళ్లు బళ్లేసుకుని బయల్దేరతారు. మంచు చూస్తారు, వేడివేడి టీ తాగుతారు, స్ట్రాబెర్రీ తోటల్లో ఫొటోలు దిగుతారు, మధ్యాహ్నానికల్లా కొండ దిగిపోతారు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రంతా ఆరుబయట ఉంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని దాని అర్థమట! అక్కడిదాకా దారి గురించి బెంగపడక్కర్లేదు. ముందు వెళ్లే బండి వెనకే వెళితే చాలు.

అసలు కథంతా ఆ తర్వాతే. చింతపల్లి, గూడెం కొత్తవీధి, సప్పర్ల, ధారకొండ, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం మీదుగా చింతూరు చేరి, అక్కణ్నుంచి భద్రాచలం వెళ్లి రాముణ్ని దర్శించుకునే దారి ఉంది చూశారూ... తూర్పు కనుమల్లో బండి నడపడం సరదా ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి దారి చెప్పమంటే నాకైతే కష్టమే. వంద కిలోమీటర్లు దాటిన అడవి. కాఫీ తోటలు, మిరియం తీగలు, ఘాట్‌ మలుపులు, జలవిద్యుత్‌ కేంద్రాలు. దారి తప్పడానికీ అంతే అనువైన చోటు.

కిందటి డిసెంబరులో మా ఫొటోగ్రాఫరూ నేనూ రెండు బళ్ల మీద ఈ దారి పట్టాం. మంచు ఫొటోలు ఒక పని. రెండో పని... బండికి చిన్నపాటి నావిగేషన్‌ పరికరం ఏది కొనుక్కుంటే మంచిదో తేల్చుకోవడం. షాపులో అద్దాల బల్ల మీద పెట్టి చూస్తే అన్నీ బాగానే పనిచేస్తాయి. గోతుల్లో, మంచులో, చెట్ల కింద ఎలా ఉంటాయన్నదే ప్రశ్న. అందుకే మూడు రకాలు వెంట తీసుకెళ్లాం. ఆయన హ్యాండిల్‌కి స్మార్ట్‌ఫోను. నా బండికి గుండ్రటి బిళ్లలా ఉండే బాణం గుర్తు పరికరం. జేబులో, కొండలెక్కే మిత్రుడు ఒకరు అరువిచ్చిన చేతి జీపీఎస్‌. ‘‘ఇన్ని దేనికి గురూ, అమెరికా వెళ్తున్నామా?’’ అని నవ్వాడాయన. సాయంత్రానికి ఆ నవ్వు లేదు!

ఫోనుంటే చాలదా?

చాలామందికి చాలు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. అందరి దగ్గరా ఉండేదే, మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడుతుంది కూడా. గూగుల్‌ మ్యాప్స్‌లో తెలుగు గొంతు 2018లో వచ్చింది. అంతకుముందే 2017 డిసెంబరులో ద్విచక్ర వాహనాల కోసం ప్రత్యేకంగా ఓ ఏర్పాటు చేశారు. అది మొదట వచ్చింది మన దేశంలోనే. కారు పట్టని సందులన్నీ అది చూపిస్తుంది. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఆ సందులు వరమే. అడవిలో మాత్రం అదే తెలివి కొంప ముంచుతుంది. కారు పట్టని దారి అంటే అక్కడ చాలాసార్లు అసలు దారే కాదు!

చట్టం మాటేమిటని కొందరికి అనుమానం. బండి నడుపుతూ ఫోన్లో మాట్లాడటం నేరమేగానీ దారి చూసుకోవడానికి వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. నడిపేవాడి ధ్యాస చెదరకూడదు... అదీ షరతు. అంటే హ్యాండిల్‌కి బిగించి చూసుకోవచ్చు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో బండి... కుదరదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఫోను మేజా మీద బతకడానికి పుట్టింది, మోటార్‌సైకిల్‌ మీద కాదు. పెద్ద సింగిల్‌ సిలిండర్‌ ఇంజిన్‌ హ్యాండిల్‌ని ఎలా వణికిస్తుందో నడిపేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఫొటోలు కదలకుండా వచ్చేందుకు ఇప్పటి ఫోన్ల కెమెరాల్లో కటకాన్ని సన్నని ఏర్పాటుతో తేలియాడేలా పెడతారు. ఆ వణుకు దానికి గిట్టదు. మోటార్‌సైకిల్‌కి ఐఫోన్‌ బిగించొద్దని యాపిల్‌ సంస్థే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. స్కూటరుకైనా సరే అదురు తగ్గించే క్లాంప్‌ వాడమంది. నలభై వేల ఫోను కెమెరా పాడుచేసుకుని నాలుగొందల క్లాంప్‌తో దారి వెతుక్కోవడం ఏం తెలివి?

ఇక ఎండ. ఏప్రిల్‌, మే నెలల్లో మన ఎండకి ఫోను కాగిపోయి, ముందు తెర మసకేస్తుంది, తర్వాత ‘చల్లబడేదాకా ఆగు’ అని కూర్చుంటుంది. అటు చార్జింగ్‌ ఎక్కుతూ ఇటు మ్యాపు నడుస్తుంటే మరీను. చలికాలం ఇంకో తంటా. లంబసింగి దగ్గర పొద్దున్నే మంచు నీటిచుక్కలై తెరమీద కూర్చుంది. అది టచ్‌ స్క్రీన్‌ కదా, వేలు పడిందనుకుని మ్యాపు దానంతటదే పెద్దదైంది, చిన్నదైంది, ఓసారి ఎవరికో ఫోన్‌ చేయబోయింది! గ్లవుజులు తీసి తుడిస్తే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. చింతపల్లిలో ఇడ్లీ తినేలోగా చార్జింగ్‌ రంధ్రంలో తడి చేరిందని హెచ్చరిక వచ్చింది. ఆరేదాకా చార్జింగ్‌ లేదు. బ్యాటరీ అప్పటికే సగం.

బాణం ఉంది... బుర్ర జేబులో

రెండోది గుండ్రటి బిళ్ల. లండన్‌ సంస్థ బీలైన్‌ తయారీ దీంట్లో పేరున్నది. మన దేశంలో ఈ రకం నలుగురికీ తెలిసింది రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ వల్ల. 2020లో మీటియర్‌ 350 బండితో ట్రిప్పర్‌ అనే చిన్న డయల్‌ ఇచ్చారు. మ్యాపంతా ఉండదు. ఎటు తిరగాలో బాణం, ఎంత దూరంలో తిరగాలో అంకె... అంతే. 2023లో కొత్త హిమాలయన్‌ వచ్చేసరికి గుండ్రటి తెరమీద మొత్తం మ్యాపే కనిపించేలా చేశారు.

ఈ బాణం ఏర్పాటు నాకు భలే నచ్చింది. ఘాట్‌ రోడ్డులో చూపు రోడ్డు మీద ఉండాలి, బొమ్మ మీద కాదు. కంటి చివర్న చూస్తే అర్థమైపోతుంది. ఫోను జేబులో వెచ్చగా, పొడిగా ఉంటుంది. కానీ దానికి సొంత బుర్ర లేదు. బ్లూటూత్‌ తీగలేని తాడుతో ఫోనుకి కట్టేసిన బొమ్మ అది. ఫోను నిద్రపోతే ఇదీ నిద్రే. గూడెం కొత్తవీధి దాటాక ఓచోట టీకి ఆగాం. మళ్లీ బయల్దేరేముందు గమ్యం మార్చబోతే నెట్‌ లేదు, దారి లెక్కకట్టలేనంది. ముందు ఎక్కించిన దారి ఉన్నంతవరకే బాణం. దాన్ని వదిలి పక్కకి వెళ్లామా... గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, మనలాగే.

ఏజెన్సీలో టవర్లు ఈమధ్య బాగా పెరిగాయి. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే సిగ్నల్‌ది ఎండలాంటి స్వభావం. కొండ అడ్డమొస్తే ఆ పక్కన ఉండదు. మలుపుకోసారి వచ్చిపోయే సిగ్నల్‌ని నమ్ముకునే పరికరం ఈ దారికి పనికిరాదు.

పాతకాపు

మూడోది చూడ్డానికి మొరటుగా ఉంది. గార్మిన్‌ ఈట్రెక్స్‌ రకం. అరచేతిలో ఇమిడిపోతుంది. తెర అగ్గిపెట్టెంత. టచ్‌ లేదు, మీటలే. గోడ గడియారంలో వేసే సెల్స్‌ రెండు వేస్తే పాతిక గంటల దాకా పనిచేస్తుందని సంస్థ చెబుతుంది. సెల్స్‌ అయిపోతే? సీలేరు కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి! వానకి జంకదు. దీని తెర మీద ఎండ ఎంత పడితే అంత బాగా కనిపిస్తుంది, ఫోనుకి పూర్తిగా వ్యతిరేకం. సిమ్ము లేదు, నెట్‌ అడగదు. మ్యాపు లోపలే ఉంటుంది.

లోపాలు లేవా అంటే బోలెడు. ఊరి పేరు ఒక్కో అక్షరం మీట నొక్కుతూ ఎక్కించేసరికి టీ చల్లారిపోతుంది. మాట్లాడదు. మ్యాపు మనమే మార్చుకుంటూ ఉండాలి. మా మిత్రుడి దాంట్లో చింతూరు ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉంది! 2014లో ఆ మండలం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన సంగతి పాపం దానికెవరూ చెప్పలేదు.

అదే సంస్థ మోటార్‌సైకిళ్ల కోసమే జూమో పేరుతో 2006 నుంచి వేరే పరికరాలు తెస్తోంది. గ్లవుజులతో నొక్కినా పనిచేస్తాయి, అదురుకీ వానకీ తట్టుకుంటాయి, మ్యాపులు లోపలే ఉంటాయి. లఢక్‌, స్పితి అంటూ ఏటా నెలల తరబడి తిరిగేవాళ్లకి సరే. ధర అడిగితే మనబోటివాళ్ల గుండె గుభేలుమంటుంది. పైగా కొత్తవి అయిదారు అంగుళాల తెరలు. బుల్లి పరికరం కావాలని వెతికేవాళ్లకి అదీ పెద్దదే.

‘ఆ దారంట బండెళ్లదు బాబూ’

సప్పర్ల దాటాక ఓ చీలిక వచ్చింది. తారు రోడ్డు కుడివైపు వంపు తిరిగింది. ఎడమకి ఎర్రమట్టి బాట. ఫోను ఎడమకి పొమ్మంది... పద్నాలుగు నిమిషాలు కలిసొస్తాయట. బాణం బిళ్ల ఎటూ చెప్పలేదు. ఈట్రెక్స్‌లో ఆ బాట సన్నని చుక్కల గీత. మధ్యాహ్నం రెండున్నర అయింది. చలికాలం ఆ కొండల్లో అయిదున్నరకే చీకటి. పద్నాలుగు నిమిషాలంటే ఆశే మరి.

నెత్తిన పసుపు మూట పెట్టుకుని ఓ పెద్దావిడ ఆ బాటలోంచే వస్తోంది. ‘‘అమ్మా, ఇలా వెళ్తే సీలేరు రోడ్డు కలుస్తుందా?’’ అని అడిగాం. ఆవిడ మా బళ్ల వంకా, వాటి మీది సంచుల వంకా చూసింది. ‘‘కలుస్తాది. ఆ దారంట బండెళ్లదు బాబూ. గెడ్డ దాటాల. సంతకి నడిచెళ్లే బాట అది’’ అంది. గెడ్డ అంటే వాగు. వంతెన లేదట. వానాకాలం తాడు పట్టుకుని దాటతారట.

ఫోను అబద్ధం చెప్పలేదు. ఉపగ్రహం చూసిందీ, ఎవరో నడిచిందీ అన్నీ దానికి దారులే. రెండు చుక్కల మధ్య తక్కువ సమయం పట్టే గీత ఏదో లెక్క కడుతుంది. ఆ గీత మీద నీళ్లున్నాయా, రాళ్లున్నాయా అన్నది ఎవరో చెబితేనే దానికి తెలిసేది. ఈ చిన్న తేడాకి పెద్ద మూల్యం చెల్లించినవాళ్లున్నారు. 2023 అక్టోబరు మొదట్లో కేరళలోని గోతురుత్తు దగ్గర వానరాత్రి కారు నదిలోకి దిగిపోయి ఇద్దరు యువ వైద్యులు చనిపోయారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకి సగం కొట్టుకుపోయిన వంతెన ఎక్కిన కారు రామగంగలో పడి ముగ్గురు పోయారు. రెండు చోట్లా మ్యాపు చూపిన దారినే వెళ్లారని అప్పట్లో వార్తలొచ్చాయి. కారులో ఉన్నవాళ్ల గతే అదైతే బండి మీద మనమెంత? అడవిలో జారిపడితే 108కి ఫోను కూడా కలవదు.

అందుకే గమ్యం ఒక్కటే ఎక్కించి వదిలేయకండి. మధ్య ఊళ్లన్నీ వరసగా ఎక్కించండి. చింతపల్లి, గూడెం కొత్తవీధి, సప్పర్ల, సీలేరు... ఇలా. అప్పుడది అడ్డదారి తొక్కాలన్నా ఎక్కువ దూరం తొక్కలేదు. పేర్లతోనూ జాగ్రత్త. చింతపల్లి నల్గొండ జిల్లాలోనూ ఉంది. కొత్తపల్లి జలపాతం చూద్దామని కొత్తపల్లి అని కొడితే రెండు రాష్ట్రాల్లోని కొత్తపల్లులన్నీ వరసకడతాయి. దీనికి మందు అక్షాంశ, రేఖాంశాలు. దశాంశం తర్వాత నాలుగు అంకెలు వేస్తే అక్షాంశంలో పదకొండు మీటర్ల తేడాతో చోటు చూపించేయొచ్చు. ఆ ఊరెళ్లొచ్చిన స్నేహితుణ్ని అడిగి రాసి ఉంచుకోండి, కాగితం మీద.

మనుషుల్ని అడిగితే తిరుగుండదా అంటే, అదీ కాదు. ఏజెన్సీలో ‘దగ్గరే’ అంటే రెండు కిలోమీటర్లు కావచ్చు, పదీ కావచ్చు. రోజూ కొండలు ఎక్కి దిగేవాళ్లకి దూరాల లెక్క వేరు. ‘ఎంత దూరం’ అని కాదు, ‘బండి వెళ్తుందా, వాగుందా, బస్సు ఏ దారిలో పోతుంది’ అని అడగాలి. బస్సు వెళ్లే దారిని మించిన నావిగేషన్‌ లేదు. అన్నట్టు, చింతపల్లి పోలీస్‌స్టేషన్‌ మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసింది 1922 ఆగస్టు 22న. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు పట్టుకుని ఆ అడవిలో అంత వేగంగా కదిలారంటే బాటలన్నీ ఎవరికో కొట్టినపిండి అయి ఉండాలి కదా!

పైనున్నవాళ్ల సంగతి

సిమ్ము లేని ఫోన్లో జీపీఎస్‌ పనిచేస్తుందా? చాలామందికి తెలియదుగానీ శుభ్రంగా పనిచేస్తుంది. సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాన్ని అందుకోవడమే దాని పని. నాలుగు ఉపగ్రహాలు కనబడితే మనమెక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో తేల్చేస్తుంది. నెట్‌ లేకపోతే పోయేది చోటు కాదు, మ్యాపు బొమ్మ. దాన్ని ఇంట్లోనే దింపి పెట్టుకుంటే సరి. కాకపోతే నెట్‌ ఉన్నప్పుడు ఉపగ్రహాల జాడ క్షణాల్లో దొరుకుతుంది, లేనప్పుడు నిమిషాలు పడుతుంది. లోయలో, చెట్ల కింద ఇంకా ఆలస్యం. బోడి గుట్ట మీదో, ఊరి బయట మైదానంలోనో ఆన్‌ చేసి, చోటు చూపించాకే అడవిలోకి కదలండి.

మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నావిక్‌ ఉందిగా అంటారా? మొదటి ఉపగ్రహం 2013 జులై 1న వెళ్లింది. 2016లో దానికి నావిక్‌ అని పేరు పెట్టారు. 2023 మేలో వెళ్లిన ఎన్‌వీఎస్‌-01లో స్వదేశీ అణు గడియారం ఉంది. ఆ వరసలో రెండోది 2025 జనవరిలో శ్రీహరికోట వందో ప్రయోగంగా వెళ్లిందిగానీ అనుకున్న కక్ష్యకి చేరలేదు. గర్వపడాల్సిన పనే. కానీ ఆ పేరు చూసి పరికరం కొనాల్సిన అవసరం ఇంకా రాలేదు. ఇప్పటి ఫోన్లు అమెరికా, రష్యా, ఐరోపా, చైనాల ఉపగ్రహాలన్నిటినీ కలిపి వాడుకుంటాయి.

ఒక హెచ్చరిక. జీపీఎస్‌ వినడమే తప్ప మాట్లాడదు, దాంతో ఇబ్బంది లేదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు వేరే. విదేశాల్లో ఉన్న అబ్బాయి ముచ్చటపడి పంపాడని బండికి తగిలించుకోకండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, అలాంటి పరికరాలు మన దేశంలో వాడటం నేరం. తెలియక తెచ్చుకుని విమానాశ్రయాల్లో అరెస్టయిన విదేశీ యాత్రికులున్నారు.

మరి ఏది కొనాలి?

ధారాలమ్మ గుడి దగ్గర అందరిలాగే మేమూ బళ్లాపి దణ్నం పెట్టుకుని ఘాట్‌ దిగాం. సీలేరు చేరేసరికి నాలుగున్నర. ఫొటోగ్రాఫర్‌ ఫోను అప్పటికే చచ్చిపోయింది. బాణం బిళ్ల నా ఫోను బ్యాటరీ పీల్చేస్తోందని నేనే ఆపేశాను. పాతకాపు మాత్రం అగ్గిపెట్టె తెరమీద మా చుక్కని నడిపిస్తూనే ఉంది. రాత్రికి అక్కడే ఆగి, పొద్దున్న టీ తాగుతూ లెక్కలేశాం. ఇద్దరం తేల్చింది ఇది.

ఇంట్లో మూలన పడేసిన పాత ఫోను ఉంటుంది చూడండి, అదే మొదటి పరికరం. సిమ్ము తీసేయండి. మ్యాపు ప్రాంతం మొత్తం దింపుకోండి. గూగుల్‌తో పాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ ఆధారంగా నడిచే ఆర్గానిక్‌ మ్యాప్స్‌ లాంటిదొకటి పెట్టుకోండి. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఆ మ్యాపుని వికీపీడియాలాగే జనమే గీస్తారు. ఏజెన్సీ కాలిబాటలు కొన్ని దాంట్లోనే బాగుంటాయి. కెమెరా పాడైనా బాధలేదు, అది పాత ఫోనేగా! బండి బ్యాటరీ నుంచి యూఎస్‌బీ చార్జర్‌ పెట్టించుకోండి. తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా, మధ్యలో ఫ్యూజుతో కలపమని మెకానిక్‌కి చెప్పాలి. లేకపోతే తెల్లారేసరికి బండి బ్యాటరీ డౌనయి కిక్కులు కొట్టుకుంటూ కూర్చోవాలి. పాత ఫోను లేనివాళ్లు, కొత్తది కొనేవాళ్లు ఐపీ 67 అని ఉందో లేదో చూడండి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. ఏడంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫరవాలేదని.

ఊళ్ల మధ్య, హైవేల మీద తిరిగేవాళ్లకి బాణం బిళ్ల హాయి. ఈ సీలేరులాంటి దారులు ఏడాదికి నాలుగైదుసార్లు తొక్కేవాళ్లయితే సెల్స్‌తో నడిచే చేతి జీపీఎస్‌ మీద ఓసారి డబ్బు పెట్టొచ్చు. ఏడాదికోసారి వెళ్లేవాళ్లు స్నేహితుణ్ని అరువడగండి, మాలాగే.

సీలేరు నుంచి డొంకరాయి మీదుగా మోతుగూడెం దాకా దారి పక్కనే నీళ్లు, అడవి. పొల్లూరు జలపాతం చూడ్డానికి గంట కేటాయించుకోండి. దిగువ సీలేరు విద్యుత్‌ కేంద్రం అక్కడే, 460 మెగావాట్లు. పెట్రోలు చింతపల్లిలోనే నిండా పోయించుకోవాలి. వానాకాలం మాత్రం వెళ్లొద్దు. 2024 సెప్టెంబరు వానలకి గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు విరిగిపడ్డాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. తెల్లవారుజామున నర్సీపట్నంలో బయల్దేరితే చీకటి పడకుండా సీలేరు చేరొచ్చు. మ్యాపు చెప్పే సమయానికి రెండు గంటలు కలుపుకోండి.